అవ్వ వండిన దీవి శావిగెలు

ఈ నూడుల్సు బండి దగ్గర నిలబడటమంటే నాకు ఒళ్లు మంట. అయినా సాయంత్రమైతే నిలబడక తప్పడం లేదు. మా అమ్మాయికి ఆరో నెల. పొద్దున్నుంచి ఏం పెట్టినా "వద్దుమా" అని మొహం తిప్పుకుంటుంది. దీపాలు పెట్టే వేళకు మాత్రం "అమ్మా, బస్టాండు కాడి నూడుల్సు తెచ్చిపెట్టవా" అని గారాలు పోతుంది. జొన్నరొట్టె ఉంది, వంకాయ కూర ఉంది, గడ్డ పెరుగు ఉంది కదే అంటే ఏడుపు మొహం పెడుతుంది. ఇక నోరు మూసుకుని చెప్పులేసుకుంటాను.

ఆదోనిలో సాయంత్రం పూట ఆ బస్టాండు పక్కన అడుగు పెట్టడానికి చోటుండదు. ఆటోల మోత, పత్తి లారీల దుమ్ము, దాని మధ్యలో ఆ బండి. బండివాడు ఇనప మూకుడును గరిటెతో టంగుటంగుమని కొడుతూ, మంట తల ఎత్తు లేపుతూ ఉంటే నేను రెండడుగులు వెనక్కి జరుగుతాను. నన్ను చూడగానే "ఏమ్మా, కారం ఎక్కువేయల్లా?" అంటాడు. "కడుపుతో ఉండే పిల్లకప్పా, తగ్గించి చావు" అంటే, "కడుపుతో ఉండేవాళ్లే ఎక్కువ అడుగుతారు లేమ్మా" అని నవ్వుతాడు. ఆఖర్లో వేయించిన వేరుశెనగ పొడి పిడికెడు తీసి పైన చల్లుతాడు. నిన్న ఆ వేడి మీద ఆ పొడి పడి ఘుమ్మని వాసన లేచింది. పొట్లం చేతిలో పెట్టినా కదలకుండా నిలబడిపోయాను. "ఇంకేమన్నా కావల్లా?" అని వాడు రెండుసార్లు అడిగాడట, నాకు వినబడనే లేదు.

ఆ వాసన నాకు కొత్త కాదు. ఈ బండ్లు, ఈ ఎర్రటి సాసు సీసాలు మన వైపు రాకముందే, ఎమ్మిగనూరులో మా ఇంటి పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద మా అవ్వ దాన్ని వండింది. అప్పుడు నేను చిన్నపిల్లను. వండిన ఆ అవ్వకు తను వండేది ఏమిటో తెలియదు. చూసింది లేదు, తిన్నది లేదు.

మాది మగ్గాల వీధి. నడింట్లోనే మగ్గం గుంత. తాత ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే పొద్దు గూకేదాకా లేచేవాడు కాదు. మా అమ్మ రాట్నం దగ్గర, నేను కండెల బుట్ట దగ్గర. మా నాయన ఆదోనిలో పత్తి మిల్లులో పని చేస్తూ వారానికొకసారి వచ్చేవాడు. ఇంట్లో నీసు అడుగుపెట్టింది లేదు. పక్కింట్లో కోడిని కోస్తే చాలు, మా తాత ఆ పూట మగ్గం వదిలేసి పోయి గుళ్లో కూర్చునేవాడు. అంత పట్టింపు మనిషి.

మా అత్త, అంటే మా నాయన చెల్లెలు, పెళ్లి చేసుకుని సముద్రం అవతల ఒక దీవికి పోయింది. మామ అక్కడ బట్టల అంగట్లో గుమాస్తా. ఆ ఊరి పేరు చెప్పడానికి అవ్వకు నోరు తిరిగేది కాదు కాబట్టి ఇంట్లో అందరం "దీవి" అనే అనేవాళ్లం. తొలి కడుపు అక్కడే పోయింది. రెండోసారి నిలబడ్డాక, కానుపు పుట్టింట్లోనే కావాలని అవ్వ పట్టుబట్టి, ఓడలో మద్రాసుకు, మద్రాసు నుంచి రైల్లో ఆదోనికి, అక్కడి నుంచి బస్సులో ఎమ్మిగనూరికి తెప్పించుకుంది. ఒక రేకు పెట్టె, నాలుగు చీరలు, కాన్పు మందులోకని జాజికాయలు, లవంగాలు, వాటితో పాటు ఎండిపోయిన మొహం. అదీ మా అత్త దిగిన తీరు.

వచ్చిన నాటి నుంచీ ఆమెకు కుదురు లేదు. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా, మగ్గం పక్కన ఉండే సన్న సందులో తిరుగుతూనే ఉండేది. కూర్చోమంటే కూర్చునేది, మళ్లీ లేచేది. "కాలు కాలిన పిల్లిలాగా ఏందే ఆ తిరుగుడు" అని తాత విసుక్కునేవాడు. కంచం ముందు పెడితే రెండు ముద్దలు, మూడో ముద్దకు పెరట్లోకి పరుగు. తాలింపు వాసనకు కక్కు. రొట్టె కాల్చే వాసనకు కక్కు. మా అమ్మ తలకు రాసుకునే ఆముదం వాసనకు కూడా కక్కే. ఆదోనిలో డాక్టరమ్మ పొట్ట చూసి, "తల్లి తినకుంటే బిడ్డ యాడ పెరుగుతుందమ్మా? ఇట్లే ఉంటే ఇది కూడా దక్కదు" అని మొహం మీదే చెప్పి పంపింది. బస్సులో అవ్వ నా భుజం పట్టుకుని కూర్చుంది. ఆ పట్టుకు నా భుజం కమిలిపోయింది. నాకు అప్పటికి ఏమీ అర్థం కాక, ముట్టుకోవద్దని అవ్వ మీద కసురుకున్నాను.

ఇంటికి వచ్చాక అవ్వ అత్త ముందు కూలబడింది. "ఏం తింటావో సెప్పు తల్లీ. కొండ మీది కోతినైనా దించుతాను. నోరిప్పి సెప్పు."

అత్త చీర కొంగు నలుపుకుంది. "ఆడ మా రూము కింద ఒక అంగడి ఉండాదిమా. శావిగెలు అమ్ముతారు. చీనావోళ్ల శావిగెలు, మనోళ్ల మసాలా. కారంగా, పుల్లగా... అది తినల్లనిపిస్తాంది."

"ఓస్, శావిగెలే కదా! ఆ మాట ముందే సెప్పకూడదూ?" అవ్వకు ప్రాణం లేచివచ్చింది.

మా వైపు సేమియాను శావిగెలంటాం. ఎండాకాలంలో ఆడవాళ్లంతా కూడి గోధుమ పిండిని చెక్క మరలో ఒత్తి, సన్నగా దిగే పోగులను ఆరబెట్టి, ఏడాదికి సరిపడా కుండల్లో దాచుకుంటాం. మా అవ్వ అయితే నూలు ఆరేసే వెదురు గడల మీదే శావిగెలు కూడా వేసేది. నూలేదో, శావిగేదో తెలియక ఒకసారి నేను పచ్చి నూలు నోట్లో పెట్టుకున్నాను. మాకు శావిగెలంటే బెల్లం పాకం, పాలు, నెయ్యి. కొత్త అల్లుడికి పెట్టేవి, పండగనాడు తినేవి. కారం శావిగెలు అనే మాట మా వీధిలో ఎవరూ వినలేదు. అవ్వ కూడా విన్న మాటను చెవిలోనే తీపి చేసేసుకుంది కాబోలు, బెల్లం దట్టంగా పోసి, ఏలకులు దంచి వేసి, గిన్నెడు పాలు పోసి తెచ్చి పెట్టింది. అత్త ఒక్క వేలు నాకి బావి గట్టుకు పరుగెత్తింది. ఆ గిన్నె మొత్తం నా పాలు. నాకు లోపల్లోపల సంతోషమే.

మరునాడు ఆవాలు, కరివేపాకు పెట్టి ఉప్మా మాదిరి చేసింది. కాదంది. ఆ మరునాడు ఎండుమిరపకాయలు నానబెట్టి నూరి, చింతపండు పిసికి, జాజికాయ చిటికెడు గీకి చేసింది. అది తిని ఇంటిల్లిపాదీ నోళ్లు పట్టుకుని గెంతులు వేశాం. అత్త మాత్రం నాలుగు ముద్దలు తింది. అవ్వ కళ్లు వెలిగాయి. అంతలోనే అత్త చెయ్యి ఆపేసింది.

"ఏమి తక్కువైందిమ్మా?"

"ఏమో మా. ఏదో తక్కువ."

"ఆ ఏదో ఏందో సెప్పల్ల గదా! ఉప్పా? పులుపా?"

"తెల్దుమా" అని అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె మెడ ఎముకలు చీర కొంగులోంచి కనబడుతున్నాయి.

ఈ అవస్థ ఇలా ఉండగా ఇంట్లో ఎలుక చచ్చిన వాసన మొదలైంది. ఒక్కో పూట ఉండేది, ఒక్కో పూట ఉండేది కాదు. వచ్చినప్పుడు మాత్రం అందరం ముక్కు మూసుకుని తిరిగేవాళ్లం. తాత మగ్గం ఆపేశాడు. ఆయన మగ్గం ఆపాడంటే అది చిన్న సంగతి కాదు. గుంతలోకి లాంతరు దించాడు. గుంత మట్టి అంతా చేటతో ఎత్తించాడు. జొన్నల కుండలు కదిలించాడు. గోడలో ఉన్న కన్నాలన్నీ కడ్డీతో పొడిచాడు. నన్ను మగ్గం కిందికి దూర్చి వెతకమన్నాడు. నేను సాలెగూళ్లతో బయటికొచ్చి "లేదు తాతా" అంటే, "సరిగ్గా సూడలేదు నువ్వు, దొంగముండా" అని మళ్లీ దూర్చాడు. చివరకు ఆ పాపం పక్కింటి వాళ్ల మీదికి పోయి, గోడ మీద నుంచి ఇద్దరు ముసలాళ్లు కొట్లాటకు దిగారు. సాంబ్రాణి పొగ వేస్తే వాసన ఇంకా ఘోరంగా తయారైంది.

"నీకేమన్నా తెలుస్తాందామ్మా, యాడ నుంచి వస్తాందో?" అని తాత అత్తను అడిగాడు.

"నాకేం వాసన రాలేదే నాయనా" అంది అత్త.

అప్పుడు అవ్వ చేట పట్టుకుని నిలబడి ఉంది. తల తిప్పి కూతురి వైపు చూసింది. తరువాత చేట చెరుగుతూ కూర్చుంది.

మధ్యాహ్నం తాత నూలు కోసం సావుకారు ఇంటికి పోయాడు. అమ్మ రేవుకు పోయింది. నేను బెల్లం గడ్డ కాజేసి జొన్నల కుండల వెనక నక్కి చప్పరిస్తున్నాను. అవ్వ వచ్చి అత్త పెట్టె తెరిచింది. చీరలు తీసి చాప మీద పెట్టింది. అడుగున ఒక బిస్కెట్ల డబ్బా. మూత తీయగానే, నేనెక్కడో మూలనున్నానా, నాకే ముక్కు బద్దలైంది. లోపల ఆకులో చుట్టిన నల్లటి ముద్ద. అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుండిపోయింది. అంతలో పెరట్లోంచి అత్త లోపలికి వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అమ్మగారింటి తాలింపు వాసనకే కక్కుకుంటాండావు. ఇల్లంతా కుళ్లు కొడుతుంటే వాసన ల్యాదంటివి. అప్పుడే అనుకుంటి" అంది అవ్వ. గొంతు పెంచలేదు. "ఏందిమ్మే ఇది?"

అత్త పోయి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"దేంతో సేసినారు?"

"రొయ్యపొట్టుతో మా. ఆడ అన్నిట్లోకీ ఇదే ఏస్తారు."

"నువ్వు తింటాండావా?"

"తింటాండా." అత్త గోడ పట్టుకుని జారి కూర్చుంది. "మొదట్లో నాక్కూడా కడుపులో తిప్పేది. ఆడ ఇంకేం దొరకదుమా. తినంగ తినంగ... ఇప్పుడు మూత తీసి వాసన సూసుకుంటేనే ఆకలి పుడతాంది. నాయనకు సెప్తావా?"

నేను బెల్లం మింగకుండా నోట్లోనే పెట్టుకుని ఉన్నాను. అవ్వ కొడుతుందనుకున్నాను. పెరట్లోకి విసిరేస్తుందనుకున్నాను. పక్కింట్లో కోడికే ఊరుకోని ఇల్లు మాది. అత్తను ఆ పూటే దీవికి తోలేస్తారని, అంత దూరం కడుపుతో ఎట్లా పోతుందని నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

అవ్వ డబ్బా మూత బిగించింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఎంత ఏయల్ల?" అని అడిగింది.

"ఏందిమా?"

"సెవుడా నీకు? దీన్ని ఎంత ఏయల్ల అంటాండాను. నిమ్మకాయంతనా, ఉసిరికాయంతనా?"

అత్త ఏడుస్తూ చిటికెన వేలి కొస చూపించింది.

సాయంత్రం తాత రాగానే అవ్వ ఎదురెళ్లి, "ఎలక దొరికింది, పారేసినా" అని చెప్పేసింది.

"యాడుండె?"

"పెట్టె ఎనకాల. ఇంత లావుండాది."

"నేను సెప్పలా!" అని తాత మగ్గం ఎక్కాడు. ఏం చెప్పాడో ఆయనకే తెలియాలి.

ఆ తరువాత తాత నూలుకో, చీరలు ఇచ్చి రావడానికో పోయిన పూటలన్నీ అవ్వ పెరట్లో పొయ్యి ముట్టించేది. ఇంట్లో గిన్నె ఒక్కటీ ముట్టలేదు. ఓటి అంచు మట్టి మూకుడు ఒకటి, కొబ్బరి చిప్పకు పుల్ల గుచ్చి చేసిన గరిటె ఒకటి, అవే ఆ వంటకు. ముద్దను చిటికెడు తుంచి నిప్పుల మీద కాల్చేది. ఆ కాలే వాసన ఉందే, అబ్బబ్బ! వీధి వీధంతా తలుపులు వేసుకున్నారు. పక్కింటామె గోడ మీద నుంచి తొంగి చూసి "ఏం కాలుస్తాండావు పెద్దమ్మా, ప్రాణాలు పోతాండాయి" అంటే, అవ్వ తొణక్కుండా "కానుపు మందు తల్లీ. దీవి నుంచి తెచ్చినాది" అంది. ఆమె రెండు రోజులు ఆలోచించి, తన కూతురికీ కడుపు నిలవడం లేదని కాస్త మందు ఇమ్మని వచ్చి కూర్చుంది! అవ్వ ఆమె చేతిలో లవంగాలు పోసి, దణ్ణం పెట్టి పంపించింది.

నూరిన ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉల్లిగడ్డ నూనెలో ఎర్రగా వేగాక, కాల్చిన ముద్ద నలిపి వేసేది. చింతపండు పులుసు, చిన్న బెల్లం ముక్క. ఉడికించి వార్చిన శావిగెలు పడేసి ఎగరేసేది. దించేముందు జాజికాయ గీకి, వేయించి దంచిన వేరుశెనగలు పైన చల్లేది. ఆ దీవిలో కూడా వేరుశెనగ చల్లుతారని అత్త చెబితే, "సూసినావా, మన వేరుశెనగ ల్యాకుంటే వాళ్లకు గతి ల్యాదు" అని అవ్వ మురిసిపోయింది. శావిగెలు మాత్రం ఆ అంగట్లో వాటిలా లావుగా ఉండేవి కావు. ఎగరేసేసరికి సగం తునిగిపోయేవి. అత్త ఆ తునకలన్నీ వేళ్లతో కూడదీసుకుని తినేది. తొలిరోజు మూకుడు ఖాళీ చేసి, చిప్ప గరిటె నాకి, "రేపు కూడా సెయ్యిమా" అంది. అవ్వ అప్పుడు నవ్విన నవ్వు మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు.

అవ్వ ఒక్కసారి కూడా రుచి చూడలేదు. చూడమని అత్త కూడా అడగలేదు. తొలి ముద్ద అత్త నోట్లో పెట్టుకోగానే, అవ్వ పొయ్యి ఊదడం ఆపి ఆమె మొహం చూసేది. కనుబొమ్మ కాస్త కదిలితే ఉప్పు. పెదవి బిగిస్తే పులుపు. అడగకుండానే చిటికెడు వేసి కలిపేది. నాకు ఒక ముద్ద పెట్టమని నేను కాళ్లు నేలకేసి కొట్టేదాన్ని. "నీసు తింటే నాలిక నల్లబడుతుంది పో" అని తరిమేది. నేను అత్త కంచంలోంచి వేరుశెనగలు ఏరుకుని తినేదాన్ని. నాలిక అద్దంలో చూసుకునేదాన్ని.

తినగానే అత్తకు నిద్ర ముంచుకొచ్చేది. నెలల తరబడి కునుకు లేని మనిషి గుర్రు పెట్టి పడుకునేది. అప్పుడు అవ్వ మూకుడు కడిగి పెరటి గోడ కన్నంలో దాచి, నన్ను బావి దగ్గరికి పిలిచేది. చేద తోడి పొయ్యమనేది. కట్టుకున్న చీరతోనే, తల మీద నుంచి పోయించుకునేది. అవి గజగజలాడించే చలినెలలు. పళ్లు టకటకలాడుతుంటే "ఇంకోటి పొయ్యి" అనేది. ఆ తడి చీరతో పోయి, ఆరిన చీర కట్టుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టి, తాత వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు రొట్టెలు తడుతూ ఉండేది. దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు వదల్లేదు.

"పొద్దున పోసుకున్నావు గదవ్వా, మళ్లా ఏంటికి?" అని నేను ఒకరోజు అడిగాను.

"నీసు పట్టుకున్న సేత్తో దీపం పెట్టల్లా? అత్తకు సెప్పొద్దు. సెప్పినావంటే సంపుతా."

"ఏంటికి సెప్పకూడదు?"

"తెలిస్తే అది మళ్లా అడగదు."

నేను చెప్పలేదు. అత్త ఒళ్లు చేసింది. నడక తగ్గింది. మొహంలో నీరు వచ్చింది. ఎండలు ముదరకముందే ఆడపిల్లను కన్నది. బొద్దుగా, ఎర్రగా, ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చే పిల్ల. తాత ఆ పిల్లను గుంత గట్టున తన పక్కన పడుకోబెట్టుకుని మగ్గం నేసేవాడు. పిల్లకు మెడ నిలబడ్డాక మామ వచ్చి ఇద్దరినీ దీవికి తీసుకుపోయాడు. ఆ తరువాత అత్తకు రావడం కుదరలేదు. అవ్వ పోయినప్పుడు కూడా కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి.

అత్త మళ్లీ వచ్చింది మొన్న మొన్ననే, తల నెరిసిపోయాక. ఆ బొద్దు పిల్లే ఇప్పుడు పిల్లల తల్లి, అమ్మను చెయ్యి పట్టుకుని నడిపించుకు వచ్చింది. ఎమ్మిగనూరు ఇల్లు ఎప్పుడో చేతులు మారింది కాబట్టి ఆదోనిలో మా ఇంట్లోనే దిగారు. నేను ఈ బండి నూడుల్సే తెచ్చి పెట్టాను. అత్త రెండు పోగులు నోట్లో పెట్టుకుని పకపకా నవ్వింది. "మా అమ్మ ఎంత బాగా సేసేదే! ఆడ అంగట్లో కూడా అట్లుండేది కాదు. ఉప్పు ఎప్పుడూ సరిగ్గా కుదిరేది. అంత పట్టింపు మనిషి, రొయ్యలు ముట్టుకుని వండడానికి ఆమెకు ఎట్లా మనసొప్పిందో! నేనేమో మొద్దునిద్ర పోయేదాన్ని. రోజూ అడిగేదాన్ని గదా, సిగ్గు ల్యాకుండా."

చెప్పవద్దన్న మనిషి పోయి ఎన్నో ఏళ్లైంది. ఇంకెన్నాళ్లు మోయను? బావి దగ్గరి సంగతి చెప్పాను. తడి చీర సంగతి, దీపం సంగతి చెప్పాను.

అత్త నవ్వు ఆగిపోయింది. చేతిలో పళ్లెం అట్లే ఉంది.

"సల్లనీళ్లా?" అంది.

"నీళ్లు కాగేదాకా ఉంటే తాత వచ్చేస్తాడు గదత్తా."

పక్కన ఆమె కూతురు ఏమైందని దీవి భాషలో అడుగుతోంది. అత్త నా వైపే చూస్తోంది.

"నేను అడిగినప్పుడల్లానా?"

"అడిగినప్పుడల్లా."